పిన్ని 20 లక్షలు: బంగారమా, పోస్టాఫీసా?

మా బాబాయి పోయి నాలుగు నెలలైంది. ఆయన రిటైర్మెంట్ డబ్బులో 20 లక్షలు పిన్ని ఖాతాలో ఉన్నాయి. ఆమెకు 63 ఏళ్లు. "బంగారం కొనేయ్, దాన్ని మించింది లేదు" అని ఇంటికొచ్చినవాళ్లంతా చెబుతున్నారు.

బంగారం నెలనెలా రూపాయి ఇవ్వదు. మందుల ఖర్చు వస్తే కొంత అమ్మాలి, ఆ రోజు ధర ఎలా ఉంటే అలా. 2013 ఏప్రిల్‌లో రెండు రోజుల్లోనే ధర దబ్బున పడింది. కొనేటప్పుడు 3 శాతం జీఎస్టీ, నగలైతే తరుగు, మజూరీ అదనం. పైగా ఒంటరిగా ఉండే ఇంట్లో అంత బంగారమంటే రాత్రిళ్లు టెన్షనే!

పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకం ఉంది. 60 దాటినవారు 30 లక్షల దాకా వేయొచ్చు. 2023 ఏప్రిల్‌లో వడ్డీ 8.2 శాతమైంది. ఆ లెక్కన 20 లక్షలకు మూడు నెలలకోసారి 41,000. ఖాతా తెరిచిన రోజు రేటే ఐదేళ్లూ నడుస్తుంది. వడ్డీ మీద పన్ను ఉంది. ఏడాదిలోపే మూసేస్తే వడ్డీ దక్కదు. ధరలు పెరిగినా ఆ 41,000 పెరగదు. బంగారానిది అక్కడే పైచేయి.

నేనైతే 17 లక్షలు పోస్టాఫీసులో వేసి, మిగతాది గోల్డ్ ఈటీఎఫ్‌లో (బంగారం ధరను బట్టి నడిచే, షేర్లలా కొని అమ్ముకునే ఫండ్) పెట్టమన్నాను. పిన్ని మాత్రం "సంవత్సరీకం అయ్యాక చూద్దాంలేరా" అంది.