ఆరేళ్ల వాడకం తర్వాత ఛాతీ నొక్కే యంత్రం: ఒక ఫీల్డ్ సూపర్‌వైజర్ సమీక్ష

పారామెడిక్ ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా నేను తిరిగే వాహనంలో రోగిని పడుకోబెట్టే చోటు ఉండదు. ప్రతి అంబులెన్సులోనూ పెట్టడానికి వీలుపడని సామాను, అంటే అదనపు ఆక్సిజన్ సిలిండర్లు, ఎక్కువమంది గాయపడిన చోట కట్టే రంగు ట్యాగులు వంటివి అందులో ఉంటాయి. వాటి పక్కనే ఒక గట్టి సంచిలో, గుండె ఆగినవారికి చేతులకు బదులుగా ఛాతీ నొక్కే (సీపీఆర్ చేసే) యంత్రం ఆరేళ్లుగా ఉంది. గుండె ఆగిందన్న కాల్ వస్తే అంబులెన్సుతోపాటు నన్నూ పంపుతారు కనుక, దాన్ని బిగించిన సందర్భాలూ, తీసుకెళ్లి కూడా సంచి విప్పకుండా వెనక్కి తెచ్చుకున్న సందర్భాలూ నాకు చాలానే ఉన్నాయి. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. పిస్టన్‌తో పనిచేసే యంత్రాలకు సాధారణంగా వర్తించే విషయాలే రాస్తున్నాను.

యంత్రం చూడటానికి సులువైనదే. వీపు కింద జొనిపే పలక ఒకటి, దానికి రెండు వైపులా తగులుకునే కమాను ఒకటి, కమాను మధ్యలో పిస్టన్, దాని కొసన ఛాతీకి ఆనుకునే మెత్తని కప్పు. మొత్తం బరువు ఎనిమిది కిలోలు, ఒక బ్యాటరీ 45 నిమిషాలు వస్తుంది. పెద్దవారికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 సెంటీమీటర్లు మించకుండా నొక్కాలన్నది నియమం. మనిషి చేతులతో అలా నొక్కుతున్నప్పుడు, తాను అలసిపోయానని తనకు తెలియకముందే లోతు తగ్గిపోతుంది. రెండు నిమిషాలకొకసారి మనిషిని మార్చమనేది అందుకే. యంత్రం ఇరవయ్యో నిమిషంలోనూ మొదటి నిమిషంలో నొక్కినట్టే నొక్కుతుంది.

అయితే ఇంత నిలకడగా నొక్కితే ఎక్కువమంది బతకాలి కదా? మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. 2014లో ప్రచురితమైన లింక్ అధ్యయనంలో 2,589 మంది రోగులను పరిశీలించగా, నాలుగు గంటల తర్వాత ప్రాణాలతో ఉన్నవారు యంత్రం వైపు 23.6 శాతం, చేతుల వైపు 23.7 శాతం. బ్రిటన్‌లో 4,471 మందితో జరిగి 2015లో వెలువడిన, ‘పారామెడిక్’ అనే పేరున్న అధ్యయనంలో ముప్పై రోజుల తర్వాత బతికి ఉన్నవారు యంత్రం వైపు 6 శాతం, చేతుల వైపు 7 శాతం. అందరికీ అలవాటుగా బిగించవద్దనీ, చేతులతో చేయడం కష్టమైన చోట, ప్రమాదకరమైన చోట వాడవచ్చుననీ మార్గదర్శకాలు చెబుతున్నది ఇందుకే.

అంత నిలకడ చూపించే యంత్రం ఫలితాల్లో ఎందుకు ముందుకు రాలేదన్న ప్రశ్నకు నాకు తెలిసిన జవాబులో ఒక భాగం మా మానిటర్ రికార్డుల్లోనే దొరికింది. ప్రతి కేసు తర్వాత ఆ రికార్డు తీసి, ఛాతీ నొక్కడం ఎక్కడెక్కడ ఎన్ని సెకన్లు ఆగిందో లెక్కపెట్టడం నా ఉద్యోగంలో భాగం. యంత్రం వచ్చిన తొలి నెలల్లో ఒక కేసులో, బిగించడానికి పట్టిన విరామం 42 సెకన్లు. ఏ విరామమైనా పది సెకన్లు దాటకూడదని శిక్షణలో చెప్పే నేనే ఆ గదిలో పలక పట్టుకుని నిలబడ్డాను. గుండెకు రక్తం అందించే ఒత్తిడి, వరుసగా నొక్కుతూ పోతేనే మెల్లగా పెరుగుతుంది. ఆపగానే క్షణాల్లో పడిపోతుంది. అంటే చక్కగా నొక్కుతున్న రెండు చేతులను ఆపించి, అంతకంటే చక్కగా నొక్కే యంత్రం కోసం రోగిని ముప్పావు నిమిషం ఖాళీగా ఉంచామన్నమాట.

ఆ తర్వాత పద్ధతి మార్చాము. మానిటర్‌లో గుండె లయ చూడటానికి ఎలాగూ ఆగే విరామంలో ఒకరు భుజాలు లేపితే మరొకరు పలకను జొనుపుతారు, వెంటనే చేతులతో నొక్కడం మొదలవుతుంది. రెండు నిమిషాల తర్వాత వచ్చే తర్వాతి విరామంలో కమాను తగిలించి, కప్పు దించి, యంత్రాన్ని నడుపుతారు. మధ్యలో నొక్కుతున్నవారు కమాను సందులోంచి చేతులు పెట్టి ఆపకుండా నొక్కడం కూడా నేర్చుకోవాలి. ఇది బొమ్మ మీద ఇరవై సార్లు చేస్తే తప్ప రాదు. ఇప్పుడు మా విరామాలు చాలావరకు పది సెకన్ల లోపే ఉంటున్నాయి, అయితే రెండు నెలలు సాధన మానేస్తే మళ్లీ పెరుగుతాయి. ఇంకొకటి, ఏ కరపత్రంలోనూ కనిపించనిది: సూపర్‌వైజర్ సంచితో గదిలోకి రాగానే అందరి చూపూ రోగి మీదినుంచి సంచి మీదికి మళ్లుతుంది. అందుకే నేను సంచిని గుమ్మం బయటే పెట్టి, గుండెకు మొదటి విద్యుత్ షాక్ అయిందా, ఊపిరి అందుతోందా అని అడిగిన తర్వాతే లోపలికి తెస్తాను.

కప్పు జారడం రెండో చిక్కు. చెమట, జెల్ ఉన్న ఛాతీ మీద, ముఖ్యంగా రోగిని కదిలించిన తర్వాత, అది పొట్ట వైపు దిగుతుంది. అక్కడ నొక్కితే కాలేయానికి గాయం కావచ్చు. మెడ వెనుక పట్టీ కట్టి, కప్పు చుట్టూ పెన్నుతో గీత గీస్తే జారిన సంగతి తెలుస్తుంది. తొందరలో అందరూ మరిచిపోయేది ఈ పట్టీనే. చిన్న పిల్లలకు, మరీ భారీ శరీరం ఉన్నవారికి యంత్రం పట్టదు. అలాంటప్పుడు ప్రయత్నించి సమయం పోగొట్టుకోకుండా చేతులతోనే కొనసాగించాలి.

ఇక దీన్ని నేను ఎందుకు వదులుకోనో చెప్పాలి. పరుగెత్తే అంబులెన్సులో బెల్టు లేకుండా నిలబడి ఛాతీ నొక్కే పారామెడిక్‌ను చూసినప్పుడల్లా నాకు రోగి గురించి ఎంత భయమో అతని గురించీ అంతే భయం వేసేది. యంత్రం ఉంటే అందరూ కూర్చుని బెల్టు పెట్టుకోవచ్చు, యంత్రం నడుస్తుండగానే షాక్ ఇవ్వవచ్చు. ఇద్దరే ఉన్న బృందానికి రెండు చేతులు ఖాళీ కావడం చిన్న విషయం కాదు. నా మట్టుకు నాకు, వంతులు లెక్కపెట్టే పని తప్పి, కారణం ఏమిటి, ఏ మందు ఎప్పుడు వెళ్లింది, ఇంట్లోవారితో ఎవరు మాట్లాడుతున్నారు అని గది మొత్తాన్ని చూసే తీరిక దొరికింది.

నన్ను కలవరపెట్టిన అనుభవం ఒకటి ఉంది. యంత్రం నడుస్తుండగా రోగి కళ్లు తెరిచి, చేయెత్తి కప్పును తోయబోయాడు. ఆపితే నాడి లేదు, స్పృహా లేదు. మళ్లీ నడిపితే మళ్లీ కదలిక. మెదడుకు సరిపడా రక్తం అందితే ఇలా జరగవచ్చని చదివి ఉన్నాను, కానీ గదిలో బంధువులు ఉండగా చూడటం వేరు. మత్తు మందు విషయంలో ముందే రాసిపెట్టిన సూచన లేకపోతే ఆ నిమిషంలో ఎవరికీ ఏమీ తోచదు. యంత్రం కొనే ప్రతి సర్వీసూ ఆ సూచనను మొదటి రోజే రాసుకోవాలి.

మరొక ఇబ్బంది, యంత్రం అలసిపోదు కనుక ప్రయత్నం ఎప్పుడు ఆపాలన్న ఆలోచనను వాయిదా వేయడం తేలిక. ఊపిరిగొట్టంలో ట్యూబు వేసి ఇరవై నిమిషాలు చేసిన తర్వాత కూడా ఊపిరితో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ పీడనం 10 మిల్లీమీటర్ల పాదరసం దాటకపోతే, మిగతా అంశాలతో కలిపి వైద్యుడితో ఫోన్‌లో మాట్లాడే బాధ్యత నాది. ఆపమన్న నిర్ణయం వచ్చినప్పుడు బటన్ నేనే నొక్కుతాను. కొత్తగా చేరినవారిచేత నొక్కించను.

నిర్వహణలో బ్యాటరీ ఒక్కటే విసిగిస్తుంది. షిఫ్టు మారినప్పుడు ఛార్జి చూసి సంతకం పెట్టే పద్ధతి వచ్చాకే నాకు నిద్ర పట్టింది. ప్రతి అంబులెన్సుకూ ఒకటి కొనాలా అని మా సర్వీసులో అడిగితే వద్దనే చెప్పాను. సూపర్‌వైజర్ వాహనానికి ఒకటి, ఆసుపత్రి చాలా దూరమయ్యే మార్గాల్లో తిరిగే అంబులెన్సులకు ఒక్కోటి, మిగిలిన డబ్బుతో సాధన కోసం అదనంగా ఒక శిక్షణ యంత్రం కొనమన్నాను. శిక్షణ యంత్రం ఇంకా రాలేదు.