ఎనిమిది వందల రూపాయల ఓబీడీ స్కానర్, మూడేళ్ల వాడకం

మేం ఉండేది పర్లాకిమిడిలో. కారు పని పడితే ఒడిశా సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం పోవడం అలవాటు. 2018 నాటి పెట్రోల్ బండి, బీఎస్-4 కాలుష్య ప్రమాణాలది. మూడేళ్ల కిందట చెక్ ఇంజన్ లైటు వెలిగింది. మెకానిక్కు చూపిస్తే "ఆక్సిజన్ సెన్సార్ పోయింది బాబూ, మార్చేద్దాం" అన్నాడు, బండి కిందకి వంగి చూడకుండానే. పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి ఇంజన్ కంప్యూటర్‌కి చెప్పేదది, ఐదు వేల పైమాటే. ఆ టెన్షన్‌లోనే కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు ఫోన్‌లో చూపించే ఈఎల్ఎం 327 రకం బ్లూటూత్ స్కానర్ ఒకటి తెప్పించాను.

స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరిస్తే పీ0135 అని వచ్చింది. హీటర్ సర్క్యూట్‌లో తేడా అని అర్థం. ఈ సెన్సార్ సుమారు 300 డిగ్రీలు వేడెక్కితేగాని సరిగ్గా పలకదు. త్వరగా వేడెక్కించడానికి లోపల చిన్న హీటర్ ఉంటుంది. సెన్సారే పోయిందని కోడ్ అనలేదు కదా అని మల్టీమీటర్ తీశాను. హీటర్ బాగానే ఉంది. ఇంజన్ నడుస్తున్నా సెన్సార్ ప్లగ్గు దాకా కరెంటే రావడం లేదు. వైరు వెంట తడుముకుంటూ పోతే బ్యాటరీ వెనక ఎలుక కొరికిన చోటు దొరికింది, రాగి తీగ పచ్చగా చిలుము పట్టి. పక్కనే కళ్లం, వరి నూర్పుల రోజులు మరి. అతుకు వేసి, టేపు చుట్టి, కోడ్ తుడిచేశాను. మళ్లీ రాలేదు.

పోయినేడు పీ0133 వచ్చింది, సెన్సార్ మందగించిందని. ఈసారి గ్రాఫ్ అక్కరకొచ్చింది. వేడెక్కిన ఇంజన్‌ని 2500 ఆర్‌పీఎం దగ్గర ఉంచితే, ముందువైపు సెన్సార్ గీత 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య గబగబా ఎగిరిపడాలి. నాది ముసలి ఎద్దులా ఎక్కుతూ దిగుతూ ఉంది. సెన్సార్ దగ్గర పొగగొట్టం లీకైనా రీడింగు తప్పుతుంది కాబట్టి ముందు అది చూశాను, లేదు. అప్పుడే మార్పించాను. కొత్తది పెట్టాక ఆ గీత గెంతులు చూసి మా ఆవిడకి కూడా పిలిచి చూపించాను. ఆవిడ "సరేలెండి" అంది.

ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు నా బండిలో ఇది చదవలేదు. అప్పుడప్పుడు బ్లూటూత్ తెగిపోతుంది, పీకి పెట్టాల్సిందే. అసలు చిరాకు వేరే. స్కానర్ సాకెట్‌లోంచి తీయడం మరిచి, రైల్లో బరంపురం పెళ్లికి పోయి నాలుగు రోజులకి వచ్చేసరికి, అది కరెంటు తాగేసి బ్యాటరీ చచ్చి కూర్చుంది. ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ ఆ రోజు బండి తోసినందుకు.