గుడిసకు జిప్సీలో: బండినెత్తారు, హోసునెత్తలేదు

డిసెంబరు రెండో వారం. నేనూ, మా బావమరిదీ, నా 2001 నాటి మారుతి జిప్సీ కింగ్ జీపూ. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి, అక్కణ్ణించి గుడిస కొండ. మబ్బులు చూడాలన్నది పైకి చెప్పిన మాట. ఆరు నెలలు డబ్బు పోసి ముస్తాబు చేయించిన బండి ఆ కొండెక్కుతుంటే కళ్ళారా చూసుకోవాలన్నది లోపలి ఆశ.

కమాన్ కట్టల్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే షాకిళ్ళు పొడుగువి వేయించి బండిని ఎత్తించాను. కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్ 15 టైర్లు తీసి 235/75 ఆర్ 15 ముళ్ళ టైర్లు ఎక్కించాను. ముందు ఇనప బంపరు, నెత్తిన క్యారియరు, దాని మీద ఇంకో స్టెపినీ.

గోకవరం దాటకముందే సీటు కింద వణుకు మొదలైంది. బండి ఎత్తు పెరిగితే ఇంజను బలాన్ని చక్రాలకి చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారుతుంది, జాయింట్లు మూలుగుతాయి. స్పీడోమీటరు 60 చూపిస్తే ఫోన్ 66 అంటోంది. లెక్క తప్పేం కాదు. పాత టైరు అడ్డకొలత 668 మి.మీ., కొత్తది 733. అంటే ప్రతి గేరూ పదోవంతు బరువెక్కినట్టే. 80 గుర్రాల 1.3 లీటరు ఇంజను ఎక్కడో ఒకచోట ఆ బాకీ తీర్చాలిగా! రంపచోడవరం దాకా మూడో గేరులో పోయే ఎత్తులకి రెండోది వేశాను. పవర్ స్టీరింగు లేదు కనక భుజాలు వేరే పాట పాడాయి.

రంపచోడవరంలో టీ తాగుతుంటే పక్క షెడ్డు మేస్త్రీ తనంతట తనే బండి కిందకి దూరాడు. జాకీ పెట్టి వెనక చక్రం వేలాడదీసి చూపించాడు. బ్రేకు ఆయిల్ తీసుకెళ్ళే రబ్బరు గొట్టం, అదే బ్రేకు హోసు, బిగిసి తీగలా ఉంది.

"బండినెత్తారు గానీ హోసునెత్తలేదండి బాబూ. గోతిలో చక్రం దిగిందంటే ఇది పుటుక్కుమంటాది."

పొడుగు హోసు అతని దగ్గర లేదు. చూసినందుకు డబ్బులిస్తే పుచ్చుకోలేదు. బండినెత్తిన నగరం షాపు వాళ్ళు బిల్లులో స్టిక్కర్ల ఖరీదు కూడా మర్చిపోలేదు, హోసు సంగతి మాత్రం ఒక్క ముక్క అనలేదు.

మెల్లగా మారేడుమిల్లి చేరాం. వాలమూరు దగ్గర వాగు ఒడ్డున అటవీశాఖ వారి జంగిల్ స్టార్‌లో గదులు నిండిపోయాయి. వారాంతమైతే ముందే బుక్ చేసుకోండి. ఊళ్ళో దొరికిన లాడ్జిలో దుప్పట్లు శుభ్రం, వేణ్ణీళ్ళు మాత్రం బకెట్‌తో అడుక్కోవాలి. రోడ్డు పక్క బొంగు చికెన్ బాగుంది, చుక్క నూనె ఉండదు. కాలేదాకా ఆగే ఓపిక ఉండాలంతే.

హోసు భయంతో తెల్లవారుజామున గుడిసకు అద్దె జీపులో వెళ్ళాం. పాత మహీంద్రా, కంపెనీ కమాన్ కట్టలే, అరిగిన మామూలు టైర్లు, తొమ్మిదిమంది జనం. పుల్లంగి దాటాక రాళ్ళ దారిలో డ్రైవరు ఎక్కడా తొందరపడలేదు, ఎక్కడా ఆగలేదు. పైన గడ్డి మైదానం మీద మబ్బు పాలపొంగులా ఉంది. ఎనిమిదయ్యేసరికి జనమూ అలాగే పొంగారు. జీపు బేరం ముందురోజు రాత్రే తేల్చుకుంటే మంచిది.

జిప్సీ ఎక్కేది దాని తేలికదనం వల్ల. టన్నుకి అటూఇటూ ఉండే బండి, చక్రాల మధ్య వెడల్పు 1300 మి.మీ. చిల్లర. అలాంటిదాని నెత్తిన బరువు పెట్టి ఘాట్‌లో మలుపు తిరిగితే ఒళ్ళు జలదరిస్తుంది. పైగా వచ్చే ఏడాది ఆర్‌సీ రెన్యువల్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ కొలతలు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

తిరిగొచ్చాక పాత షాకిళ్ళు బిగించాం. పాత సైజులోనే మంచి పట్టున్న టైర్లు, కొత్త బ్రేకు హోసులు, లాగడానికి గట్టి కొక్కేలు, ఇవే ఉంచాను. క్యారియరు అమ్ముడుపోయింది. ముళ్ళ టైర్లు మేడ మీదున్నాయి. మా ఆవిడ ఒకదాంట్లో మట్టి పోసి పుదీనా వేసింది.