మా చెరువును ఉపగ్రహంలో చూస్తూ రెండేళ్లు

కోపర్నికస్ బ్రౌజర్‌ను 2023 చివరి నుంచి వాడుతున్నా. యూరప్ వాళ్ల సెంటినెల్ ఉపగ్రహాలు తీసే బొమ్మలను ఉచితంగా చూపించే వెబ్‌సైట్ అది. మాది మహబూబాబాద్ జిల్లా. చెరువు కింద మూడెకరాలుంది, అందుకే ఈ పిచ్చి పట్టింది.

బాగా అక్కరకొచ్చేది యాసంగి ముందు. డిసెంబర్‌లో ఆకాశం తేటగా ఉంటుంది కాబట్టి, 5 రోజులకోసారి వచ్చే సెంటినెల్-2 బొమ్మలు స్పష్టంగా ఉంటాయి. బొమ్మలో ఒక్కో గడి నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఎకరానికి దాదాపు 40 గళ్లు. నీళ్లు ఈసారి ఎక్కడిదాకా ఉన్నాయో, పోయినేడు ఇదే వారంలో ఎక్కడిదాకా ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూస్తా. మూడెకరాలూ నాటు వేయాలా, ఒక ఎకరం వదిలేయాలా తేల్చుకోవడానికి అది చాలు. పాత బొమ్మలు తిప్పితే చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలోకి మడులు ఏటేటా ఎట్లా జరిగాయో కూడా కనిపిస్తుంది. అది ఊళ్లో ఎవరికీ చూపించలేదు, తగాదాలెందుకని.

మొదట్లో ఒకసారి బోల్తా పడ్డా. నీటిని గుర్తుపట్టే ఎన్‌డీడబ్ల్యూఐ అనే లెక్క పెడితే చెరువు ఒక మూలంతా ఎండినట్టు చూపించింది. పోయి చూస్తే నీళ్లున్నాయి, పైన గుర్రపు డెక్క కమ్మింది. ఉపగ్రహానికి అది పచ్చని మడి లెక్కే. లోతూ తెలియదు. "పూడిక ఎంతుందో నీ ఫోన్‌కేం ఎరుక బిడ్డా" అన్నాడు చెరువు నీళ్లు చూసుకునే మా నీరటి. జవాబు లేదు నా దగ్గర.

ఇక 2024 ఆగస్టు 31 రాత్రి. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్టనే కోసేసిన వాన అది. టెన్షన్‌తో తెరిచి చూస్తే చివరి బొమ్మంతా తెల్లటి మబ్బు. మబ్బుల్లోంచి చూడగలిగే రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 ఉంది గానీ, జంటలో ఒకటి 2021 డిసెంబర్‌లోనే చెడిపోయింది; అప్పటికి మిగిలిన ఒక్కటి అదే దారిలో మళ్లీ రావాలంటే 12 రోజులు పట్టేది. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి మీద నీళ్లు ఎంత ఎత్తున పోతున్నాయో చెప్పింది కట్ట మీద టార్చ్‌లైట్ పట్టుకుని నిలబడ్డ నీరటే. ఆకాశం తేటపడ్డాక వచ్చిన బొమ్మలో మాత్రం ఇసుక మేట వేసిన పొలాలు తెల్లని చారల్లా తేలాయి. నష్టం రాయడానికి వచ్చినవాళ్లకు ప్రింట్ ఇచ్చాం, ఏ పొలాలకు ముందు పోవాలో చూసుకున్నారు.

వానాకాలంలో ఇప్పుడు అసలు తెరవను. పిడుగులకు దామిని యాప్ పెట్టుకున్నా, వరదకు మనిషినే నమ్ముతా. కొత్తగా చూసేవాళ్లు ముందు ఎండాకాలం బొమ్మ తీసి కట్ట, తూము, మత్తడి ఎక్కడున్నాయో గుర్తుపట్టండి. ఆ తర్వాతే నీళ్ల లెక్కకు దిగండి.