సెల్లార్ వడ్రంగానికి డీహ్యూమిడిఫయర్: మూడు వానాకాలాలు వాడాక

గాలిలోని తేమని నీళ్లుగా లాగే ఈ మిషన్ ఎన్ని లీటర్లు లాగుతుంది, ఎంత కరెంటు తింటుంది అన్నవి పెట్టె మీదే ఉంటాయి. చెప్పాల్సింది ఆ నీళ్లు బయటికి పోవడానికి దాని వెనకాల తగిలించే అర అంగుళం గొట్టం గురించి. మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ దాన్నే పొగిడి చెప్పాను. ఇప్పుడు ఆ మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

చోటు సీతమ్మధార వైపు, వాలు మీద కట్టిన ఇంటి సెల్లార్. 20 అడుగుల పొడవు, 12 వెడల్పు, 9 ఎత్తు. ఒక గోడ పూర్తిగా మట్టిని ఆనుకుని ఉంది. విశాఖలో చెమ్మ అంటే వానాకాలమే అనుకోకూడదు. మే నెల ఉక్కపోతలో సముద్రం గాలి 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమతో వచ్చిందంటే, 27 డిగ్రీల చల్లదనం తగిలితే చాలు, నీరైపోతుంది. మట్టి వైపు గోడ ఇంచుమించు అంతే చల్లగా ఉంటుంది. గాలాడుతుందని సాయంత్రం తలుపులు బార్లా తీస్తే ఆ గోడకి చెమట పట్టేది అందుకే.

ఇంకో లెక్క. 30 డిగ్రీల దగ్గర తేమను 80 శాతం నుంచి 55కి దించడానికి ఆ గదిలో గాలి నుంచి తీయాల్సిన నీళ్లు అర లీటరు కూడా ఉండవు. మరి రోజూ ఏడెనిమిది లీటర్లు ఎక్కడివి? తలుపు కింద సందులోంచీ గోడలోంచీ వస్తున్నవే. తలుపుకి రబ్బరు పట్టీ, వెంటిలేటర్‌కి అక్రిలిక్ షీటు బిగించాక రోజుకి నాలుగు లీటర్లకి తగ్గింది. పెద్ద మిషన్ కోసం డబ్బు పోసే ముందు ఈ సందులు మూయండి.

ఇక గొట్టం. మిషన్ లోపలి చల్లటి గొట్టాల చుట్ట (కాయిల్) మీంచి కారిన నీళ్లు కింద ట్రేలో పడి, ట్యాంకులోకి పోకుండా వెనక ముక్కులోంచి నేరుగా బయటికి పోతాయి. రోజూ ట్యాంకు మోసే పని లేదు. ఏడాది పాటు బాగానే నడిచింది. రెండో ఏడు అక్టోబరులో ఒక రాత్రి ఆ ముక్కు పూడుకుపోయింది. టేకునీ, ఎండీఎఫ్‌నీ (చెక్క పీచు అదిమి చేసే పలక) సాండింగ్ చేసినప్పుడు, అంటే గరుకు కాగితంతో రుద్దినప్పుడు, లేచే సన్నటి పొడి ఫిల్టర్‌ని దాటి తడి కాయిల్‌కి అంటుకుంటుంది. అక్కణ్ణుంచి కడిగినట్టుగా ట్రేలోకి దిగి, సున్నిపిండి కలిపినట్టు ముద్దవుతుంది. రంపపు పొట్టుతో ఇబ్బంది లేదు, అది ఫిల్టర్ దగ్గరే ఆగిపోతుంది. చేటు తెచ్చేది 180 నంబరు, అంతకంటే సన్నటి గరుకు కాగితంతో రుద్దితే వచ్చే పొడే.

ముక్కు పూడితే మిషన్ ఆగాలి కదా? ఆగలేదు. ఆపే ఫ్లోటు, అంటే నీళ్లు నిండితే తేలి మిషన్‌ని ఆపే బిళ్ల, ఉన్నది ట్యాంకులో. గొట్టం తగిలించాక నీళ్లు ట్యాంకు వైపే పోవు కాబట్టి ఫ్లోటు పైకి లేవనే లేవదు. ట్రే పొంగి నీళ్లు నేల మీద పరుచుకున్నాయి. మిషన్ ఆ తడినే మళ్లీ గాలిలోంచి లాగుతూ తెల్లవార్లూ తిరిగింది. దాని డిస్‌ప్లే మీద తేమ 58 శాతం, చెక్కల ర్యాక్ దగ్గర 79. నిలబెట్టిన టేకు బద్దలు రెండు అడుగు నుంచి నీళ్లు పీల్చి జానెడు మేర నల్లబడ్డాయి. కోపం ముక్కు పూడినందుకు కాదు, ఈ ఫ్లోటు అమరిక మీద.

శుభ్రం చేయడానికి ప్లగ్ తీసి, ఫిల్టర్ విప్పి, ముక్కులోకి వెనక నుంచి ప్లాస్టిక్ కేబుల్ టై దూర్చి ముద్దని కదపాలి. తరవాత రెండు చుక్కలు గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లు ట్రేలో పోసి పారనివ్వాలి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి ఇది తప్పదు. ఫిల్టర్ వారం వారం కడగాలి. సాండింగ్ మొదలుపెట్టే ముందే మిషన్ ఆపేసి, పొడి నేలకి దిగేదాకా కనీసం ఒక గంట ఆగాలి. మిషన్ని అడుగున్నర ఎత్తు బల్ల మీద పెట్టి, గొట్టం మూడడుగులకి అంగుళం చొప్పున వాలేలా, ఎక్కడా వంకీ తిరగకుండా వేయాలి. గొట్టం కొస బకెట్ నీళ్లలో మునగకూడదు. మిషన్ కింద ఒక ట్రే, అందులో తడి తగిలితే కూసే చిన్న అలారం పెట్టాలి.

డిస్‌ప్లే అంకె మిషన్ నోటి దగ్గర గాలిది, ర్యాక్ దగ్గరది కాదు. అక్కడికి విడిగా తేమ కొలిచే హైగ్రోమీటరు ఒకటి కావాలి, దాన్నీ పరీక్షించి నమ్మాలి. సీసా మూతలో చెంచాడు ఉప్పు పోసి, తడి ఇసకలా అయ్యేంత నీళ్లు చల్లి, మీటరుతో పాటు జిప్ కవర్లో మూసి రాత్రంతా ఉంచితే 75 చూపించాలి. 70 చూపిస్తే మీ మీటరుకి అయిదు కలుపుకోండి. ఆ 75 మనకి ఇంకో విధంగానూ ముఖ్యమే. ఇనప బల్ల మీద పడ్డ ఉప్పు అంతకు మించిన తేమలో తనే నీరైపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. 60 లోపు ఉంచితే రంపం బల్లకి నెలకోసారి మైనం రుద్దితే సరిపోతోంది. తెల్లటి అంకుడు ముక్కల మీద బూజు మచ్చలు కూడా రావడం లేదు.

అలాగని 45కి దించకండి. తేమ 80 శాతం ఉన్నప్పుడు చెక్కలో నీరు 16 శాతం దగ్గరుంటుంది, 55 ఉన్నప్పుడు 10 దగ్గరుంటుంది. ఈ తేడాకే మామూలుగా కోసిన 300 మిల్లీమీటర్ల వెడల్పు టేకు పలక వెడల్పులో మూడు మిల్లీమీటర్లకు పైగా మారుతుంది. కింద ఎండగట్టి చేసిన సొరుగు ఏసీ లేని పైగదిలోకి వెళ్లగానే ఉబ్బి బిగుసుకుంటుంది. అందుకే 58 దగ్గర పెట్టి, 150 మిల్లీమీటర్ల ఎత్తు సొరుగు ముఖానికి రెండు మిల్లీమీటర్ల సందు వదలడం మేలు.

మళ్లీ కొంటారా అంటే, ఈ సెల్లార్‌కి కొంటాను. గోడలోంచి ఊట కారే సెల్లార్ అయితే ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి, ఆ ఊటకి ఏ మిషనూ చాలదు. మేడ మీద పని చేసేవాళ్లకి దీని అవసరం ఉంటుందనుకోను. ఊరెళ్లేటప్పుడు పనికొస్తుందని గొట్టం ఉన్న మోడల్ ఎంచుకున్నాను, ఇప్పుడు ఊరెళ్లేటప్పుడే గొట్టం పీకేసి ట్యాంకు పెట్టి వెళ్తున్నాను, నిండితే ఆగిపోతుందని. మీరు కొనేటప్పుడు గొట్టం తగిలించి, కొస వేలితో మూసి, ట్రే నిండితే మిషన్ ఆగుతుందో లేదో షాపులోనే చేయించి చూడండి.