పల్లెలో చలికాలం, తొమ్మిది పాటలు, ఒక షూర్ ఎస్ఎమ్57

ఈ చలికాలం మూడు నెలలు ఒక పల్లెలో, పొలాల పక్కన అద్దె ఇంట్లో ఉండి నా ఆల్బమ్ పూర్తి చేశాను. మొత్తం తొమ్మిది పాటలు. నాలుగింటికి గిటార్ ముందే అయిపోయింది. మిగతా గిటార్లు, గొంతు మొత్తం అక్కడే రికార్డ్ చేయాలి. పల్లె కదా, చడీచప్పుడూ ఉండదనుకుని వెళ్లాను. మొదటి రోజు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే పొలంలో మోటారు, పక్కింటి కుక్క, రేకుల మీద గాలి, అన్నీ నా గొంతుతో పోటీ పడుతున్నాయి.

అప్పటికి వాడుతున్నది కండెన్సర్ మైక్, అంటే సన్నటి చప్పుడునైనా పట్టేసే సున్నితమైన రకం. దానికి అడుగు దూరంలో నిలబడి పాడటం నాకు అలవాటు. ఒక రాత్రి దాన్ని చల్లటి గదిలోనే స్టాండ్ మీద వదిలేసి, పొద్దున్నే హీటర్ వేసి పాడటం మొదలుపెడితే చిటపటమని ఒకటే శబ్దం. పాడైపోయిందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. చల్లగా ఉన్న మైక్‌కి ఒక్కసారిగా వెచ్చటి గాలి తగిలి లోపల చెమ్మ పట్టింది, అంతే. గంట ఆగితే సర్దుకుంది. కానీ గొంతు బాగా పలికే ఆ పొద్దుటి పూట నా చేతిలోంచి పోయింది.

ఆ రోజే బ్యాగ్ అడుగున ఉన్న షూర్ కంపెనీ మైక్, ఎస్ఎమ్57 బయటికి తీశాను. స్టేజీ మీద ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె) ముందు పెట్టడానికి కొన్నది. దానితో గొంతు రికార్డ్ చేయాలని అంతకుముందు ఎప్పుడూ అనిపించలేదు. 1965 నుంచి వస్తున్న మైక్ ఇది. బరువు 284 గ్రాములు, తల మీద బంతిలాంటి గుండ్రటి జాలి లేదు, స్విచ్ లేదు. డైనమిక్ మైక్ కాబట్టి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా మైక్‌కి పంపే కరెంటు) అక్కర్లేదు. పెట్టెలో స్టాండ్ క్లిప్, చిన్న సంచీ వస్తాయి. కేబుల్ మనమే కొనుక్కోవాలి.

నోటికి మూడు అంగుళాల దూరంలో పెట్టి, మైక్ వెనక భాగం కిటికీ వైపు ఉండేలా తిప్పాను. మోటారు చప్పుడు పూర్తిగా పోలేదు కానీ పాట కిందికి వెళ్లిపోయింది. ఇందులో మాయేమీ లేదు. మైక్‌కి దూరం సగానికి తగ్గించిన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అడుగు నుంచి మూడు అంగుళాలకు వస్తే దాదాపు 12. బయటి మోటారు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దానికి తోడు ఇది కార్డియాయిడ్ మైక్, వెనక నుంచి వచ్చే శబ్దాన్ని బాగా తగ్గించి తీసుకుంటుంది.

అంత దగ్గరగా పాడితే రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, బేస్ పెరుగుతుంది. చలికి పొద్దున పూట నా గొంతు పీలగా ఉంటుంది కాబట్టి నాకు అదే కలిసొచ్చింది. మిక్సింగ్‌లో 200 హెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గిస్తే సరిపోయింది. రెండోది, ‘ప’, ‘ఫ’, ‘భ’ వచ్చిన ప్రతిచోటా గాలి తన్నుతుంది. నురుగు తొడుగు వేసి, మైక్‌ని నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూలకు జరిపితే పదం శుభ్రంగా పడింది. తెలుగులో పాడేవాళ్లు దీన్ని మొదటి రోజే సరిచూసుకోవాలి. మన పాటల్లో ఒత్తులు ఎక్కువ.

హీటర్ ఫ్యాన్ చప్పుడు చేస్తుంది కాబట్టి, గది వెచ్చబడ్డాక దాన్ని ఆపేసి పాడేదాన్ని. వేళ్లు కొంకర్లు పోయేలోపు ఇరవై నిమిషాలు దొరికేవి. ఆ ఇరవై నిమిషాల్లో గిటార్ శ్రుతి కూడా నిలబడాలి. హీటర్ వేడికి తీగలు సాగి శ్రుతి దిగుతుంది, ఆపాక మళ్లీ ఎక్కుతుంది. ఇన్నింటి మధ్య మైక్ గురించి ఆలోచించే పని లేకపోవడం ఎంత ఊరటో చెప్పలేను. ఒకసారి స్టాండ్‌తో సహా నేల మీద పడింది. తీసి పెట్టి మళ్లీ పాడాను.

అలాంటి ఒక టేక్ అయ్యాక తలుపు తీస్తే ఇంటి ఓనరు పిన్నిగారు పాల గిన్నెతో గుమ్మం బయటే నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు, పాలు చల్లారిపోయాయి. “ఇప్పుడు మాట్లాడొచ్చా అమ్మా?” అని గుసగుసగా అడిగారు. మరుసటి రోజు నుంచి నేను పాడే వేళకు ఆ వైపు మోటారు ఆపించడం మొదలుపెట్టారు. నేను అడగలేదు.

ఎలక్ట్రిక్ గిటార్ రెండు పాటల్లో ఉంది. ఆంప్‌ని బస్తాల గదిలో పెట్టి, ఎస్ఎమ్57ని ఆంప్ ముందున్న గుడ్డకు దాదాపు ఆనించి, స్పీకర్ కోన్ (లోపలి గరాటు లాంటి భాగం) నడిమధ్య నుంచి ఒక అంగుళం పక్కకు జరిపాను. నడిమధ్యన పెడితే చెవిలో గుచ్చుకుంటుంది, బాగా అంచుకు పోతే మొద్దుబారుతుంది. ఆ అంగుళం కోసం ఒక మధ్యాహ్నమంతా పట్టింది. ఈ పనికి ఇంతకంటే మంచి మైక్ నేను వినలేదు.

అకూస్టిక్ గిటార్‌కి మాత్రం సిఫార్సు చేయను. ఈ మైక్ రేంజ్ 40 నుంచి 15,000 హెర్ట్జ్ వరకే. తీగ మీద గోరు తగిలినప్పుడు వచ్చే ఆ సన్నటి మెరుపు ఇందులో తక్కువ. 12వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది పన్నెండో మెట్టు) వైపు తిప్పి పెట్టినా నా మనసుకు ఎక్కలేదు. గిటార్లన్నీ అర్ధరాత్రి దాటాక, ఊరు పడుకున్నాక, కండెన్సర్‌తోనే చేశాను.

ఎనిమిదో పాట దాదాపు గుసగుస. అక్కడా ఇది కుదరలేదు. డైనమిక్ మైక్ ఇచ్చే సిగ్నల్ చిన్నది. ప్రీఆంప్ (మైక్ సిగ్నల్‌ని పెంచే పరికరం) నుంచి 60 డెసిబెల్స్ దాకా గెయిన్, అంటే పెంపు, కావాలి. మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే నా పాత ఇంటర్‌ఫేస్‌లో నాబ్‌ని చివరిదాకా తిప్పితే పాటతో పాటు ‘స్స్’ అనే హోరు కూడా లేచింది. మీ పాటలన్నీ అంత మెత్తనివైతే ముందు మంచి ప్రీఆంప్ సంగతి చూడండి, తర్వాత ఈ మైక్ కొనండి.

మిగతా ఎనిమిది పాటల్లో నా గొంతు దీనిదే. నగరానికి తిరిగొచ్చి స్టూడియోలో మళ్లీ పాడదామని ముందు అనుకున్నాను. ఫైల్స్ విన్నాక ఆ బుకింగ్ రద్దు చేసుకుని, ఇంకో ఎస్ఎమ్57 ఆర్డర్ పెట్టాను. ఒకటి ఆంప్‌కి, ఒకటి గొంతుకి.