కుక్క బిస్కెట్ల సిలికాన్ అచ్చులు: అచ్చులు నమ్మకమైనవే, వెంట వచ్చిన కాగితాన్నే నమ్మలేం

పెంపుడు కుక్కకు ఇంట్లోనే బిస్కెట్లు కాల్చి పెట్టాలనుకునేవారి కోసం అమ్మే సిలికాన్ అచ్చుల జత ఒకటి కొంతకాలంగా మా వంటింట్లో వాడుకలో ఉంది. జతలో రెండు పలకలుంటాయి. ఒకదానిలో చెంచాడు ముద్ద పట్టే చిన్న ఎముకల గుంటలు, రెండోదానిలో అంతకు మూడింతలు పట్టే కుక్క పాదాల గుంటలు ఉన్నాయి. వీటితోపాటు కొన్ని వంటకాల కొలతలు ముద్రించిన మడత కాగితం కూడా వస్తుంది. అచ్చుల మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు కానీ, ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టు పాటించవద్దని మాత్రం గట్టిగా చెప్పవలసి ఉంది.

ఓట్స్ పిండి, ఉడికించి మెదిపిన గుమ్మడికాయ గుజ్జు, గుడ్డు కలిపిన ముద్ద చేతికి అంటుకునేంత జిగటగా ఉంటుంది. దానిని అప్పడాల కర్రతో ఒత్తాలంటే పొడిపిండి చల్లుతూనే ఉండాలి, చల్లినకొద్దీ బిస్కెట్ గట్టిపడుతుంది. అచ్చులో ఆ బాధ లేదు. ముద్దను గుంటల్లో వేసి చెంచా వెనుక భాగంతో చదును చేస్తే సరిపోతుంది. పలక మెత్తగా వంగుతుంది కనుక దానిని ముందుగానే ఒక లోహపు ట్రే మీద పెట్టి, ఆ తరువాతే నింపాలి. నిండిన పలకను చేతులతో ఎత్తబోతే మధ్యలో కుంగి ముద్ద చెదిరిపోతుంది. ఎముక ఆకారానికి నడుము సన్నగా ఉండడంతో వేడి మీద లాగితే బిస్కెట్ సరిగ్గా అక్కడే రెండు ముక్కలవుతుంది. పూర్తిగా చల్లారనిచ్చి, పలకను బోర్లించి, గుంట అడుగున బొటనవేలితో నొక్కితే చెక్కుచెదరకుండా ఊడి వస్తుంది. పాదాల పలకలో వేళ్ల గుంటలు మరీ చిన్నవి. వాటిలో గాలి నిలిచిపోయి ముద్ద అడుగుదాకా దిగదు కాబట్టి ఒక్కొక్కదానిని వేలికొసతో అదమవలసి వస్తుంది. ఆకారం చూసి మురిసేది మనమే తప్ప కుక్క కాదు గనుక, ఓపిక లేనివారు ఈ పనిని వదిలేసినా నష్టం లేదు.

కాగితంలో రెండు పలకలకూ ఒకే సమయం ఇవ్వడం నాకు కనిపించిన మొదటి లోపం. సిలికాన్ లోహంలా వేడిని త్వరగా అందించదు. అందుచేత పైభాగం రంగు తిరిగినా అడుగు పాలిపోయి మెత్తగానే ఉంటుంది. 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిన్న ఎముకలు చక్కగా ఉడికే సమయానికి పాదాల మధ్యభాగం ఇంకా పచ్చి తడితో ఉంటుంది. బిస్కెట్లు గట్టిపడగానే అచ్చులోంచి తీసి, బోర్లించి, ట్రే మీద విడివిడిగా పేర్చి, ఓవెన్‌ను 100 డిగ్రీలకు తగ్గించి లోపలి తేమ పోయేదాకా ఆరబెట్టడం మేలు. నిల్వ ఉండేదీ లేనిదీ ఈ దశలోనే తేలుతుంది. విరిస్తే పుటుక్కుమనే బిస్కెట్ గాలి చొరని డబ్బాలో కొన్ని వారాలు ఉంటుంది. నొక్కితే లొత్తపడేదాన్ని ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లోనే వాడేయాలి, లేకపోతే బూజు పడుతుంది. కాగితం మాత్రం అన్నిటికీ కలిపి ఒక నెల గడువు ఇచ్చేసింది.

ఈ అచ్చుల అసలైన ప్రయోజనం కొలత. కుక్క రోజంతా తినే కేలరీలలో చిరుతిళ్ల వాటా పది శాతం దాటకూడదన్నది పశువైద్యులు సాధారణంగా చెప్పే హద్దు. 10 కిలోల బరువున్న, మామూలు చురుకుదనం గల పెద్ద కుక్కకు రోజుకు సుమారు 600 కేలరీలు కావాలనుకుంటే చిరుతిళ్లకు మిగిలేది 60. చిన్న ఎముక ఒక్కొక్కటి పది పదిహేను కేలరీలు ఉంటుంది కనుక నాలుగింటితో సరి. పాదం బిస్కెట్ అయితే ఒకటిన్నరకే లెక్క నిండిపోతుంది. చేత్తో చిదిమి చేసిన ఉండలతో ఈ లెక్క కుదరదు, అచ్చుతో ఇట్టే కుదురుతుంది.

ఇక కాగితంలోని వంటకాల సంగతి. ఒక వంటకంలో పీనట్ బటర్ వేయమని రాసి, ఎటువంటిదో చెప్పకుండా వదిలేశారు. చక్కెర లేనివిగా అమ్మే కొన్ని పీనట్ బటర్లలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. కొన్ని లేబుళ్ల మీద అది బిర్చ్ షుగర్ అనే పేరుతో కనిపిస్తుంది. మనుషులకు ఇబ్బంది కలిగించని ఈ పదార్థం కుక్క ఒంట్లో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయించి రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది, మోతాదు పెరిగితే కాలేయాన్నే దెబ్బతీస్తుంది. కిలో బరువుకు 0.1 గ్రాము చేరినా ప్రమాదమే. మరో వంటకం చివర ‘నచ్చిన ఎండు పండ్లు కలుపుకోవచ్చు’ అని ఉంది. ఇంట్లో ముందుగా చేతికి దొరికేది ఎండు ద్రాక్షే కదా! ద్రాక్ష పచ్చిదైనా ఎండుదైనా కుక్క మూత్రపిండాలను పాడుచేయగలదు, ఎంత తింటే ముప్పో ముందుగా అంచనా కట్టే వీలు కూడా లేదు. రుచి కోసం సూప్ పొడి వేయమన్న సలహా కూడా ఇటువంటిదే, ఎందుకంటే ఆ పొడుల్లో ఉప్పుతోపాటు సాధారణంగా ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, ఆ రెండూ కుక్క ఎర్రరక్తకణాలను విచ్ఛిన్నం చేస్తాయి. కుక్కల పేరు చెప్పి అమ్మే సరుకులో ఈ హెచ్చరికలకు రెండు వరుసల చోటు దొరకకపోవడం క్షమించదగ్గది కాదు.

కడగడం సులువే కానీ, కొవ్వు ఉన్న ముద్ద వాడితే వేడినీళ్లు, సబ్బు తప్పనిసరి. ఎంత కడిగినా సిలికాన్‌కు కొంత వాసన పట్టే ఉంటుంది, ఆ వాసనకు కుక్క పలకనే నమిలే ప్రమాదం ఉంది. మింగిన సిలికాన్ ముక్క పేగులకు అడ్డుపడవచ్చు కాబట్టి పలకలను తలుపున్న అరలోనే దాచాలి.

కరకరలాడే పలుచని బిస్కెట్లు ఇష్టపడేవారికి ఈ జత అవసరం లేదు, మామూలు బిస్కెట్ కట్టర్ చాలు. జిగట ముద్దలతో పని ఉన్నవారు, ముఖ్యంగా చిన్న జాతి కుక్కలు ఉన్నవారు, పలకలు విడిగా దొరికితే ఎముకల పలకను మాత్రమే కొనుక్కోవచ్చు.